పాత యూనిక్స్‌లో 'పొల్లాచ్చి' అని రాయాలంటే

కంప్యూటరులో అక్షరాలను కూర్చడానికి, దిద్దడానికి, భద్రపరచడానికి వాడే సాధనాన్ని టెక్స్ట్ ఎడిటర్ అంటారు. ఆ సాధనం మొదట మనిషి చదవగలిగే ఆదేశాల రూపంలో, ఎక్కువగా సీ భాషలో ఉంటుంది. ఆ రూపానికి సోర్స్ కోడ్ అని, దాన్ని యంత్రం అమలు చేయగల రూపంలోకి మార్చే సాధనానికి కంపైలర్ అని పేరు. ఒకే సోర్స్ కోడ్‌ను రకరకాల యంత్రాల మీద కంపైల్ చేయవలసి వచ్చినప్పుడు, ఏ యంత్రంలో ఏ సదుపాయం ఉందో, ఏది లేదో ముందుగా తెలుసుకుని, కోడ్‌లో ఏ భాగాన్ని కలుపుకోవాలో, దేన్ని విడిచిపెట్టాలో తేల్చే పనే కాన్ఫిగర్ చేయడం. పైకి ఇది సాంకేతిక నిపుణుల సొంత వ్యవహారంలా కనిపించినా, ఒక భాష కంప్యూటరులో నిలుస్తుందా, విరిగిపోతుందా అన్నది చాలాసార్లు ఈ దశలోనే తేలిపోతుంది.

ఈ సంగతిని విడమరచడానికి ఒక చిన్న మాట చాలు: పొల్లాచ్చి. కోయంబత్తూరు జిల్లాలో, విజయనగర, మదురై నాయక రాజుల కాలం నాటి వలసలతో ఏర్పడిన తెలుగువారి ఊళ్లు చుట్టుపక్కల ఉన్న పట్టణం అది. ఆ పేరు నోటికీ చెవికీ మూడక్షరాలే: పొ, ల్లా, చ్చి. ఈ మూడక్షరాలు ఒక పాత యూనిక్స్ వ్యవస్థలోని ఎడిటర్‌లోకి వెళ్లి, చెక్కుచెదరకుండా తిరిగి రావాలంటే దారిలో ఎన్ని చిక్కులు దాటాలో చూస్తే, కాన్ఫిగర్ చేయడమనే పని లోతు తెలుస్తుంది.

ఒకే పేరు, అనేక వ్యవస్థలు

యూనిక్స్ అనే పేరు ఒకటే అయినా ఆ పేరు కింద నడిచిన వ్యవస్థలు ఒకటి కావు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో మొదలైన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1973లో సీ భాషలో తిరగరాయడంతో, అది ఒక యంత్రానికే కట్టుబడి ఉండకుండా ఇతర యంత్రాలకు తరలిపోగల గుణాన్ని సంపాదించింది. 1979లో ఏడో ఎడిషన్ వెలువడిన తర్వాత రెండు పెద్ద పాయలు స్పష్టమయ్యాయి: ఒకటి బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పెంచిన బీఎస్‌డీ, రెండోది ఏటీ అండ్ టీ సంస్థ 1983లో విడుదల చేసిన సిస్టమ్ 5. కంప్యూటర్ల తయారీ కంపెనీలు వీటిలో ఒకదాన్నో, రెండింటి కలగలుపునో తీసుకుని సన్ఓఎస్, హెచ్‌పీ-యూఎక్స్, ఏఐఎక్స్, అల్ట్రిక్స్ వంటి సొంత పేర్లతో అమ్మాయి. 1988లో పోసిక్స్ అనే ఉమ్మడి ప్రమాణమూ, 1989లో సీ భాషకు అమెరికా జాతీయ ప్రమాణమూ వచ్చేదాకా ఈ పాయలను కట్టి ఉంచే గట్టు లేదు. వచ్చిన తర్వాత కూడా పాత యంత్రాలు ఏళ్ల తరబడి పనిలోనే ఉన్నాయి.

ఈ తేడాలు ఎంత సూక్ష్మమైనవో ఒక ఉదాహరణ చెబుతుంది. మెమరీలో ఒక చోట ఉన్న బైట్లను ఇంకో చోటికి నకలు తీయడం ఎడిటర్ క్షణక్షణం చేసే పని. బీఎస్‌డీ పాయలో ఆ పని చేసే ఫంక్షన్ పేరు బీకాపీ, సిస్టమ్ 5 పాయలో మెమ్‌కాపీ. పేరు మార్చుకుంటే సరిపోయేది కాదు. ఎందుకంటే బీకాపీకి ముందు ఎక్కడినుంచి తీయాలో చెప్పి తర్వాత ఎక్కడ పెట్టాలో చెప్పాలి, మెమ్‌కాపీకి ముందు ఎక్కడ పెట్టాలో చెప్పి తర్వాత ఎక్కడినుంచి తీయాలో చెప్పాలి. పేరు మార్చి వరస మార్చడం మరిచిపోతే కంపైలర్ ఏ తప్పూ పట్టదు, ఎడిటర్ కూడా మొదలవుతుంది, కానీ రాసిన పాఠం వెళ్లి పడవలసిన చోటనుంచి చెత్త వచ్చి పాఠం మీద పడుతుంది.

కీబోర్డు విషయమూ ఇంతే. మామూలుగా యూనిక్స్ ఒక పంక్తి మొత్తం టైపు చేసి ఎంటర్ నొక్కేదాకా ప్రోగ్రాముకు ఏమీ అందించదు. ఎడిటర్‌కు మాత్రం ఒక్కొక్క మీట నొక్కిన వెంటనే అందాలి. టెర్మినల్‌ను ఆ స్థితికి మార్చే పద్ధతి ఏడో ఎడిషన్‌లోనూ బీఎస్‌డీలోనూ ఒకటి, సిస్టమ్ 5 పాయలో మరొకటి, పోసిక్స్‌లో ఇంకొకటి. మూడింటినీ ఎరిగిన ఎడిటర్ సోర్స్ కోడ్‌లో ఒకే పనికి మూడు దారులు పక్కపక్కనే ఉంటాయి; కంపైల్ చేసే ముందు వాటిలో ఒకదాన్నే తెరవాలి.

తెరలు ఇంకా రకరకాలు. 1976 నాటి ఏడీఎం-3ఏ టెర్మినల్ తెరను తుడవాలంటే 26 అనే ఒక్క సంకేతం పంపితే చాలు. 1978లో వచ్చిన వీటీ-100కు ఎస్కేప్ అనే సంకేతంతో మొదలయ్యే ఒక వరస పంపాలి. వీఐ అనే ప్రసిద్ధ ఎడిటర్‌ను బెర్క్‌లీలో రూపొందించిన బిల్ జాయ్ ఈ తేడాలను ప్రోగ్రాములో ఇరికించకుండా, ఏ టెర్మినల్‌కు ఏ సంకేతమో చెప్పే పట్టికను విడిగా ఒక ఫైలులో పెట్టాడు. దాని పేరు టెర్మ్‌క్యాప్. కొత్త టెర్మినల్ వస్తే ప్రోగ్రామును దిద్దనక్కరలేదు, పట్టికలో ఒక పద్దు చేర్చితే చాలు. యంత్రం తీరును ప్రోగ్రాము నుంచి వేరుచేసి రాసిపెట్టుకోవాలన్న ఈ ఆలోచనే తర్వాతి కాలపు కాన్ఫిగరేషన్ విధానాలన్నింటికీ పునాది.

చేత్తో దిద్దిన కాలం

రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీఎన్‌యూ ఈమాక్స్ అనే ఎడిటర్ 1985లో బయటికి వచ్చింది. దాని పద్దెనిమిదో వెర్షన్‌ను ఒక యంత్రం మీద నెలకొల్పాలంటే, సోర్స్ కోడ్‌తో పాటు వచ్చే నమూనా ఫైలుకు నకలు తీసి అందులో ముఖ్యంగా రెండు పేర్లను చేత్తో దిద్దుకోవాలి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ తీరును వర్ణించే ఫైలు పేరు, రెండోది యంత్రం తీరును వర్ణించే ఫైలు పేరు. వ్యాక్స్ యంత్రం మీద 4.3 బీఎస్‌డీ నడుపుతున్నవారు ఆ రెండింటికీ తగిన ఫైళ్లను ఎంచుకునేవారు. ఏ యంత్రానికి ఏ జత పనికొస్తుందో, ఎక్కడ ఏ ఇబ్బంది ఎదురవుతుందో చెప్పే పెద్ద జాబితా కూడా ఈమాక్స్‌తో పాటే వచ్చేది. తమ యంత్రం ఆ జాబితాలో లేనివారు దగ్గరగా ఉన్న ఫైలును తీసుకుని, ఒక్కొక్క నిర్వచనాన్ని మార్చి చూస్తూ, కంపైలర్ చెప్పే తప్పులను బట్టి దారి వెతుక్కునేవారు.

ఈమాక్స్‌లో మరో ప్రత్యేకమైన చిక్కు ఉండేది. దానిలో ఎక్కువ భాగం లిస్ప్ భాషలో రాసినది కావడంతో, మొదలైన ప్రతిసారీ ఆ లిస్ప్ అంతటినీ చదువుకోవాలంటే ఆనాటి యంత్రాలకు చాలాసేపు పట్టేది. అందుకని కంపైల్ చేసేటప్పుడే ఒక ప్రాథమిక ఈమాక్స్‌ను నడిపి, లిస్ప్ అంతటినీ మెమరీలోకి ఎక్కించి, ఆ మెమరీ చిత్రాన్ని ఉన్నదున్నట్టుగా కొత్త ప్రోగ్రాము ఫైలుగా రాసిపెట్టేవారు. ప్రోగ్రాము ఫైలు లోపలి అమరిక ఒక్కో యూనిక్స్‌లో ఒక్కో రకం కాబట్టి, ఈ ఒక్క పనికే ఒక్కో అమరికకు విడివిడిగా కోడ్ రాయవలసి వచ్చింది. 2020లో వచ్చిన ఇరవయ్యేడో వెర్షన్‌లో గాని అన్ని వ్యవస్థలకూ సరిపడే పద్ధతి కుదరలేదు.

పేరు కాదు, గుణం

చేత్తో దిద్దే పద్ధతిలో అసలు లోపం శ్రమ ఒక్కటే కాదు; అది యంత్రం పేరును నమ్ముకుంటుంది. 'ఇది సిస్టమ్ 5 కాబట్టి ఇందులో ఫలానాది ఉండదు' అన్న ఊహ, ఆ కంపెనీ మరుసటి విడుదలలో బీఎస్‌డీ నుంచి ఆ సదుపాయాన్ని తెచ్చి కలిపిన రోజున తప్పిపోతుంది. దీనికి విరుగుడుగా, యంత్రాన్నే అడిగి తెలుసుకునే పద్ధతి పుట్టింది. లారీ వాల్ అనే ప్రోగ్రామర్ 1980లలో తన ప్రోగ్రాములతో పాటు, యంత్రాన్ని పరీక్షించి చూసే కాన్ఫిగర్ అనే ఆదేశాల ఫైలును పంపడం మొదలుపెట్టాడు. 1991 వేసవిలో డేవిడ్ మెకెంజీ, జీఎన్‌యూ ప్రోగ్రాముల కోసం ఇలాంటి ఫైళ్లను రాసే పనిలోంచి, వాటిని తయారుచేసిపెట్టే ఆటోకాన్ఫ్ అనే సాధనాన్ని రూపొందించసాగాడు. ఈమాక్స్ పంతొమ్మిదో వెర్షన్ నాటికి కాన్ఫిగర్ పద్ధతికి మళ్లింది.

ఈ పరీక్ష జరిగే తీరు చాలా సరళం. యంత్రంలో సెలెక్ట్ అనే ఫంక్షన్ ఉందా అని తెలియాలనుకుందాం; కీబోర్డు కోసమూ, వెనుక నడుస్తున్న మరో ప్రోగ్రాము జవాబు కోసమూ ఒకేసారి కాచుకుని ఉండడానికి ఎడిటర్‌కు అది కావాలి. కాన్ఫిగర్ ఆ ఫంక్షన్‌ను పిలిచే నాలుగైదు పంక్తుల సీ ప్రోగ్రామును అప్పటికప్పుడు రాసి, ఆ యంత్రపు కంపైలర్‌కే అందిస్తుంది. కంపైలై, లైబ్రరీతో అతుక్కుంటే ఆ ఫంక్షన్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఫలితాన్ని ఒక పంక్తిగా కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి, ఆ తాత్కాలిక ప్రోగ్రామును చెరిపేసి, తర్వాతి ప్రశ్నకు వెళుతుంది. ఇలా వందల ప్రశ్నలు వరసగా సాగుతాయి. తెర మీద పైకి జరుగుతూ కనిపించే 'ఉంది', 'లేదు' అనే జవాబులు అవే.

అడిగేవాడు యంత్రం స్థితిని మించిపోకూడదన్నది ఇందులోని వినయం. పాత బోర్న్ షెల్‌లో, అంటే ఆదేశాలను చదివి అమలు చేసే ప్రోగ్రాములో, ఫంక్షన్లు రాసే వీలు లేదు. అందుకే కాన్ఫిగర్ ఫైళ్లను చాలాకాలం ఒక్క షెల్ ఫంక్షన్ కూడా వాడకుండా తయారుచేశారు. పాఠంలో మార్పులు చేసే సెడ్ అనే సాధనం హెచ్‌పీ-యూఎక్స్‌లో ఒక విడతకు 99 ఆదేశాలకు మించి తీసుకోదు కాబట్టి, వందల మార్పులను చిన్న చిన్న విడతలుగా విడగొట్టారు. కొత్త యంత్రంలో కూర్చున్నవారికి ఇది అనవసరమైన చాదస్తంగా తోచవచ్చు గాని, అత్యంత పేద యంత్రం కూడా చదవగలిగే భాషలో ప్రశ్న అడగాలన్న నియమమే ఆ ఫైళ్లకు దీర్ఘాయువు ఇచ్చింది.

ఇక, ఉందా అని అడిగితే సరిపోని సందర్భాలూ ఉంటాయి. రెండు బైట్ల వరసలను పోల్చి ఏది ముందో చెప్పే మెమ్‌కంప్ అనే ఫంక్షన్ సన్ఓఎస్ 4.1.3లో ఉంది, కాని 128కీ ఆ పైనా ఉన్న విలువలను అది రుణ సంఖ్యలుగా లెక్కించేది. ఇంగ్లీషు అక్షరాలన్నీ 128కి లోపలే ఉంటాయి కాబట్టి ఆ లోపం ఇంగ్లీషు రాసేవారికి ఎన్నడూ కనిపించదు. ఆటోకాన్ఫ్ పరీక్ష 64, 128, 129 అనే మూడు విలువలతో ఆ ఫంక్షన్‌ను నిజంగా నడిపించి, వరస సరిగా చెబితేనే ఒప్పుకుంటుంది. లేకపోతే ఎడిటర్‌తో వచ్చిన సొంత ఫంక్షన్‌ను వాడుకోమంటుంది. ఇంగ్లీషుకు కనబడని ఈ లోపం తెలుగుకు ఎందుకు ప్రాణాంతకమో తెలియాలంటే మళ్లీ పొల్లాచ్చికి రావాలి.

మూడక్షరాలు, ముప్పై బైట్లు

ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. పొల్లాచ్చి అనే మాటను ఆ లెక్కలో విడగొడితే ప, ఒత్వం, ల, పొల్లు, ల, దీర్ఘం, చ, పొల్లు, చ, గుడి అని పది సంకేతాలవుతాయి. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, చెవికి మూడక్షరాలైన మాట యంత్రానికి ముప్పై బైట్లు. మొదటి సంకేతమైన 'ప' విలువ 3114. అది 224, 176, 170 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. మూడూ 128కి పైవే. సన్ఓఎస్ 4.1.3 పోలిక ప్రకారం 224 అంటే రుణ 32. కాబట్టి అకారాది క్రమంలో ఇంగ్లీషు మాటల తర్వాత రావలసిన పొల్లాచ్చి వాటన్నిటికంటే ముందుకు వచ్చి కూర్చుంటుంది.

వరస తప్పడం చిన్న దెబ్బ. బైటులో ఎనిమిది బిట్లుంటాయి. ఇంగ్లీషుకు ఏడు చాలు కాబట్టి తొలినాటి వీఐ ఎనిమిదో బిట్‌ను తన సొంత గుర్తుల కోసం వాడుకుంది. అలా ఎనిమిదో బిట్ రాలిపోయినప్పుడు ప్రతి బైటు నుంచి 128 తగ్గుతుంది. అప్పుడు 'ప'లోని 224 కాస్తా 96 అయి ఒక వంకర గీతగా, 176 కాస్తా 48 అయి సున్నా అంకెగా, 170 కాస్తా 42 అయి నక్షత్రపు గుర్తుగా మారతాయి. పొల్లాచ్చి అని రాస్తే తెర మీద తెలుగుకు బదులు గీతలు, అంకెలు, గుర్తులు మిగులుతాయి. ఒకసారి భద్రపరిచాక వాటినుంచి మూల రూపాన్ని తిరిగి పొందడం కష్టం.

ఫైలుకు తెలుగు పేరు పెట్టుకోవాలంటే ఇంకో అడ్డంకి. ఏడో ఎడిషన్‌లో డైరెక్టరీ పద్దు 16 బైట్లు. అందులో 2 ఫైలు సంఖ్యకు పోగా పేరుకు 14 మిగులుతాయి. ముప్పై బైట్ల పొల్లాచ్చిని ఆ చోటులో పెడితే 'పొల్' దాకా 12 బైట్లు పట్టి, ఆ తర్వాతి 'ల'లో రెండు బైట్లే పట్టి, మూడోది తెగిపోతుంది. మిగిలిన రెండు బైట్లు ఏ అక్షరమూ కావు. ఇంగ్లీషు పేర్లకూ ఇందులో ప్రమాదం లేకపోలేదు: ఎడిటర్లు పాత ప్రతిని దాచడానికి పేరు చివర ఒక గుర్తు చేర్చుతాయి, పేరు సరిగ్గా 14 అక్షరాలుంటే ఆ గుర్తు తెగిపోయి, పాత ప్రతి పేరూ అసలు పేరూ ఒకటే అయిపోతాయి. అందుకే ఈమాక్స్ కాన్ఫిగరేషన్‌లో పొడుగు ఫైలు పేర్లకు చోటుందా అనే ప్రశ్న ప్రత్యేకంగా ఉండేది.

బైట్లు క్షేమంగా ఉన్నా అక్షరం ఏర్పడాలి కదా. ల, పొల్లు, ల, దీర్ఘం అనే నాలుగు సంకేతాలను కలిపి 'ల్లా' అని చూపించే పనికి అక్షర నిర్మాణ లైబ్రరీ కావాలి. నేటి ఈమాక్స్ అందుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుతుంది. పాత వ్యవస్థలో అది లేకపోయినా కాన్ఫిగర్ ఆగిపోదు. చివర చూపించే నివేదికలో దాని ఎదుట 'లేదు' అని రాసి ముందుకు సాగుతుంది. ఎడిటర్ తయారవుతుంది, ఇంగ్లీషు చక్కగా పనిచేస్తుంది, కాని ఆ పనికి ఇంకే లైబ్రరీ దొరకకపోతే ఒత్తులు విడిపోయి నిలబడతాయి. విమ్ అనే ఎడిటర్‌లోనూ ఇలాంటిదే జరిగేది. 2019కి ముందు బహుబైట్ అక్షరాల సదుపాయం అందులో ఐచ్ఛికం; మెమరీ తక్కువ ఉన్న పాత యంత్రం కోసం అతి చిన్న రూపాన్ని ఎంచుకున్నవారు తెలుగును కూడా తెలియకుండానే తీసేసుకున్నట్టయ్యేది.

లిపి మారితే పోయేది, నిలిచేది

ఇన్ని అడ్డంకులున్న రోజుల్లో తెలుగువారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1990ల తొలి సంవత్సరాల్లో అమెరికా విశ్వవిద్యాలయాల యూనిక్స్ టెర్మినళ్ల ముందు కూర్చున్న తెలుగు విద్యార్థులు ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును నష్టం లేకుండా రాసే పద్ధతిని కోరుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్‌టీఎస్ అని ప్రసిద్ధమైన లిప్యంతరీకరణ అలా రూపుదిద్దుకుంది. హ్రస్వదీర్ఘాలకూ ఒత్తక్షరాలకూ వేర్వేరు గుర్తులుండడంతో అందులో రాసిన పాఠాన్ని ఏ పాత ఎడిటర్‌లోనైనా భద్రపరచి, తర్వాత తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. 2006లో వచ్చిన లేఖిని అనే ఉపకరణం కూడా ఆ పద్ధతినే అనుసరించింది.

పొల్లాచ్చి, కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నవారికి ఈ సమస్య కంప్యూటరు రాకముందే తెలుసు. తెలుగు మాటను తమిళ లిపిలో రాసినప్పుడు 'గాలి' అన్నా 'కాలి' అన్నా ఒకటే రూపం, ఎందుకంటే ఆ లిపిలో క, గలకు విడివిడి అక్షరాలు లేవు. ఎనిమిదో బిట్ రాలిపోయిన ఎడిటర్ చేసేదీ అదే: వేరుగా ఉండవలసినవాటిని ఒకటి చేయడం. తేడా ఒక్కటే. ఇంటి భాష తెలిసినవారు సందర్భాన్ని బట్టి గాలి ఏదో కాలి ఏదో పోల్చుకుంటారు. యంత్రానికి ఆ జ్ఞానం లేదు, అందుకే దాని కాన్ఫిగరేషన్‌లోనే తేడాను నిలబెట్టాలి.

ఎడిటర్‌ను ఇలా కాన్ఫిగర్ చేసుకోవడం సాధ్యమైనది సోర్స్ కోడ్ చేతిలో ఉండబట్టి. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు ఒక మోటారు సైకిలును కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్ర విద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య బస్సు నడపడంతో తన రవాణా సంస్థకు నాంది పలికారు. విప్పి చూడగలిగిన యంత్రాన్నే ఊరి రోడ్డుకు తగినట్టు కుదుర్చుకోగలం. సోర్స్ కోడ్ మూసి ఉంచిన ఎడిటర్‌లో తెలుగు విరిగితే, దాన్ని చేసిన కంపెనీ దయ కోసం ఎదురుచూడాలి. తెరిచి ఉన్న ఎడిటర్‌లో ఆ భాష తెలిసినవారే దిద్దుకోవచ్చు. నేటి ఈమాక్స్‌తో వచ్చే వివిధ భాషల పలకరింపుల ఫైలులో తెలుగు పేరు ఎదుట 'నమస్కారం' అని తెలుగు లిపిలోనే ఉండడం, అందులోనే తెలుగు టైపు చేసే పద్ధతులుండడం ఈ తెరిచి ఉంచిన తత్వం ఫలితాలే.

పాత యూనిక్స్ నేడు అందని వస్తువేమీ కాదు. 2002 జనవరిలో కాల్డెరా సంస్థ ఏడో ఎడిషన్ వరకూ ఉన్న తొలి యూనిక్స్‌ల సోర్స్ కోడ్‌ను ఉదారమైన షరతులతో విడుదల చేసింది. ఆ యూనిక్స్ నడిచిన నాటి పీడీపీ-11 యంత్రాన్ని మామూలు కంప్యూటరులోనే అనుకరించే సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు విద్యార్థులైనా, హైదరాబాదు, విశాఖపట్నం విద్యార్థులైనా ఒక ఎడిటర్‌ను ఒక్కసారి సోర్స్ కోడ్ నుంచి తామే తయారుచేసుకోవాలి. కాన్ఫిగర్ చెప్పే 'లేదు' అనే జవాబులను దాటవేయకుండా ఒక్కొక్కటి చదవాలి. ఆ తర్వాత తమ ఊరి పేరును తెలుగులో రాసి, భద్రపరచి, మూసి, తిరిగి తెరిచి చూడాలి. ముప్పై బైట్ల పొల్లాచ్చి మూడక్షరాల పొల్లాచ్చిగా తిరిగి కనబడేదాకా ఆ ఎడిటర్ తయారైనట్టు కాదు.